పండగలో పెద్దవాళ్లకో వంతు



డిసెంబరు నెల వచ్చిందంటే మన సింగరాయకొండలో ఎవరూ క్యాలెండరు చూడక్కర్లేదు. ఇళ్ల ముందు రంగు నక్షత్రాలు వెలుగుతాయి. రాత్రి ఎనిమిది దాటాక క్యారల్స్ పాడేవాళ్లు డప్పు, గిటారు పట్టుకుని వీధి వీధీ తిరుగుతారు. పిల్లలు మఫ్లర్లు చుట్టుకుని వాళ్ల వెంట పరుగెత్తుతారు. చేలల్లో మిరప పూత మీద, కాయ మీద ఉంటుంది. పత్తి ఏరే కూలీలు పొద్దున్నే ఆటోలెక్కి వెళుతుంటారు. ఈ చలిలో, ఈ సందడిలో క్రిస్మస్ వస్తుంది. దాని వెనకాలే కొత్త సంవత్సరం వస్తుంది.

ఈ పది రోజులూ సొంత ఇంట్లో, సొంత మనుషుల మధ్య ఉండాలని అందరికీ ఉంటుంది. కానీ కొందరికి కుదరదు. అందులోనూ పెద్ద వయసులో ఇంటికి దూరంగా ఉండేవాళ్లు కొందరున్నారు. దేవుడి పని మీద దేశం దాటి వెళ్లిన పెద్ద మిషనరీలున్నారు. కొడుకు దగ్గరికనో, కూతురి దగ్గరికనో విమానమెక్కిన మన అమ్మానాన్నలున్నారు. వేరే రాష్ట్రం నుంచి వచ్చి మన ఊళ్లలో పనిచేస్తున్న పెద్దవాళ్లున్నారు. ఈ రోజు నేను మాట్లాడబోయేది వాళ్ల గురించే.

చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. పండగ నాడు ఇంటికి దూరంగా ఉన్న పెద్దవాళ్లకు ఆ పండగలో ఒక వంతు ఇవ్వండి. పలకరించండి, మంచిదే. భోజనానికి పిలవండి, ఇంకా మంచిది. కానీ అక్కడితో ఆగకండి. వాళ్లకొక పని అప్పజెప్పండి. పిలవండి, పని చెప్పండి. ఇదే నా మాట.

పెద్దవాళ్లకు పండగ పూట పని చెప్పడమేమిటి అని మీకు అనిపించవచ్చు. అందుకే ముందు మన జిల్లా చరిత్రలోంచి కొన్ని సంగతులు చెబుతాను. అవి వింటే ఈ మాట ఎందుకంటున్నానో మీకే తెలుస్తుంది.

మన ఒంగోలులో ఒక కొండ ఉంది. ప్రార్థన కొండ అంటారు. ప్రేయర్ మీటింగ్ హిల్ అంటే అమెరికాలో కూడా పాతతరం బాప్టిస్టులకు తెలుసు. ఆ పేరు ఎలా వచ్చిందో వినండి.

అది 1854వ సంవత్సరం, జనవరి 1. ఆదివారం. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ఐదుగురు మనుషులు ఆ కొండ ఎక్కారు. వాళ్లలో ఇద్దరు అమెరికా నుంచి వచ్చిన దంపతులు. లైమన్ జ్యూయెట్ గారు, ఆయన భార్య యూఫీమియా గారు. మిగతా ముగ్గురూ మనవాళ్లే. ఒకరు క్రిస్టియన్ నర్సు అనే సువార్తికుడు. మరొకరు జూలియా. ఇంకొకరు రూతు. నెల్లూరు నుంచి సువార్త చెప్పుకుంటూ ఒంగోలు దాకా వచ్చారు వీళ్లంతా.

అప్పటికి వాళ్ల పరిస్థితి ఏమీ బాగాలేదు. అమెరికా బాప్టిస్టుల తరఫున శామ్యూల్ డే గారు తెలుగు దేశానికి వచ్చింది 1836లో. ఆయన నెల్లూరులో స్థిరపడింది 1840లో. ఏళ్లు గడిచాయి. సంఘంలో చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. 1853లో అమెరికాలోని ఆల్బనీలో వాళ్ల పెద్దల సభ జరిగింది. తెలుగు మిషన్‌ను మూసేద్దామా, ఉంచుదామా అని వాదన జరిగింది. ఆ సభలోనే దీనికి ఒంటరి నక్షత్రం అనే పేరు వచ్చింది. చివరికి ఎలాగో మూసేయకుండా ఉంచారు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. అమెరికాలో ఈశాన్యాన న్యూ ఇంగ్లండ్ అనే ప్రాంతం ఉంది. అక్కడి పాతకాలం క్రైస్తవులు క్రిస్మస్‌ను పెద్ద పండగగా చేసుకునేవాళ్లు కాదు. మసాచుసెట్స్ రాష్ట్రంలో క్రిస్మస్‌కు చట్టప్రకారం సెలవు వచ్చిందే 1856లో. జ్యూయెట్ గారు ఆ ప్రాంతం మనిషి. అలాంటివాళ్లకు ఏడాది మొదటి రోజు ముఖ్యమైన రోజు అయి ఉండవచ్చు. ఆ రోజు ఇంటికి వేల మైళ్ల దూరంలో, తెలియని ఊళ్లో, తెల్లవారుజాము చలిలో ఆయన నిలబడి ఉన్నారు. వెనక ఉన్న సంస్థేమో మూసేద్దామా అంటోంది. మనసు ఎంత బరువుగా ఉండాలో ఆలోచించండి.

అప్పుడు వాళ్లేం చేశారు? ఒక పాట పాడారు. యెషయా గ్రంథంలోంచి ఒక వచనం చదివారు. ప్రార్థన చేశారు. శ్రోతలు ఇక్కడ బాగా గమనించాలి. దొరగారు ఒక్కరే ప్రార్థన చేసి, మిగతా నలుగురూ ఆమెన్ అని ఊరుకోలేదు. ఆయన తర్వాత నర్సు గారు చేశారు. దొరసాని గారు చేశారు. జూలియా చేసింది. రూతు చేసింది. ఐదుగురికీ ఐదు వంతులు. ఊరికే వింటూ కూర్చున్నవాళ్లు ఒక్కరూ లేరు.

1854 నాటి మన సమాజం ఎలా ఉండేదో మీకు తెలుసు. దొర ముందు గొంతెత్తడమే గొప్ప. ఆడవాళ్లు నలుగురిలో మాట్లాడడం ఇంకా గొప్ప. అలాంటి రోజుల్లో ఆ కొండ మీద వచ్చినవాళ్లకీ వంతు దొరికింది, ఇక్కడివాళ్లకీ వంతు దొరికింది. ఊరు కాని ఊళ్లో ఉన్న ఆ దంపతులకు నూతన సంవత్సరం నాడు తోడు దొరికింది ఆ పంపకంలోనే. ఆ ఉదయాన్ని మన జిల్లా ఇప్పటికీ తలుచుకుంటూనే ఉంది.

తర్వాత కొన్నేళ్లకు జ్యూయెట్ గారికి ఆరోగ్యం చెడింది. 1862లో అమెరికా వెళ్లారు. అక్కడ మళ్లీ అదే మాట. తెలుగు మిషన్ ఇక చాలు, మూసేద్దాం అన్నారు. ఆయన ఒప్పుకోలేదు. మీరు ఎవరినీ పంపకపోయినా నేనొక్కణ్ణే వెళతాను, వాళ్ల మధ్యే బతుకుతాను అని పట్టుబట్టారు. పెద్దాయన పట్టుదల చూసి సంస్థ దిగివచ్చింది. తోడుగా ఒక కుర్రవాణ్ణి ఇచ్చింది. ఆ కుర్రవాడే జాన్ ఎవరెట్ క్లౌ గారు. మన ఒంగోలు క్లౌ దొర.

1864 నవంబరు 30న బోస్టన్ రేవు నుంచి జేమ్స్ గుత్రీ అనే ఓడ బయలుదేరింది. అందులో 51 ఏళ్ల జ్యూయెట్ గారు ఉన్నారు. 28 ఏళ్ల క్లౌ గారు, ఆయన భార్య హారియెట్ గారు ఉన్నారు. అప్పటికి సూయజ్ కాలువ లేదు. అది తెరిచింది 1869లో. కాబట్టి ఆఫ్రికా ఖండం అంతా చుట్టుకుని రావాలి. వాళ్లు మద్రాసు చేరేసరికి 1865 ఏప్రిల్ వచ్చింది. అంటే ఆ ఏడు క్రిస్మస్ వాళ్లకు నడిసముద్రంలో వచ్చింది. కొత్త సంవత్సరం కూడా నడిసముద్రంలోనే వచ్చింది. వదిలిన ఇల్లు వెనక ఉంది. చేరాల్సిన ఊరు కనుచూపు మేరలో లేదు. కుర్రవాళ్లకు తెలుగు దేశం సంగతులు చెప్పగలిగిన మనిషి ఓడలో ఉన్నారు. ఆ పెద్దాయన. ఆ వయసులో, ఆ ఆరోగ్యంతో ఆయన మళ్లీ ఓడ ఎందుకెక్కారు? ఇక్కడ తనకొక పని ఉంది కాబట్టి. తన కోసం ఒక వంతు మిగిలి ఉందని నమ్మారు కాబట్టి.

1866 సెప్టెంబరులో క్లౌ గారు ఒంగోలుకు కాపురం వచ్చారు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడింది. సభ్యులు ఎంతమందో తెలుసా? ఎనిమిది మంది. మళ్లీ అదే పండగ రోజుల్లో, అదే జనవరి 1.

ఆనాటి మిషనరీల ఇళ్లలో పండగ ఎలా ఉండేదో ఒకసారి ఊహించుకోండి. అమెరికా నుంచి ఉత్తరం రావడానికి నెలలు పట్టేది. ఇంటి దగ్గర పుట్టినవాళ్ల కబురు, పోయినవాళ్ల కబురు ఆలస్యంగా అందేది. చాలామంది పిల్లల్ని చదువు కోసం స్వదేశం పంపేసి, ఏళ్ల తరబడి చూడకుండా ఉండేవాళ్లు. పండగ పూట పిల్లలు ఒక ఖండంలో, తల్లిదండ్రులు ఒక ఖండంలో. ఆ బెంగను తీర్చే మందు ఏ సీసాలోనూ దొరకదు. కానీ బడి పిల్లలు పాట నేర్పమని వచ్చేవాళ్లు. పల్లెల నుంచి బోధకులు లెక్కలు చెప్పడానికి వచ్చేవాళ్లు. జబ్బుపడ్డ పిల్లను చంకనేసుకుని తల్లి వచ్చేది. పని మనసును పట్టి నిలిపేది.

పని మనిషిని ఎలా నిలుపుతుందో క్లౌ గారికి బాగా తెలుసు. 1876 నుంచి 1878 దాకా దక్షిణ దేశమంతా పెద్ద కరువు వచ్చింది. ధాత కరువు అని మన పెద్దలు చెప్పుకునేవాళ్లు. అప్పుడు ప్రభుత్వం బకింగ్‌హాం కాలువలో కొత్త భాగాలు తవ్వించింది. మన సింగరాయకొండకూ పాకల సముద్రానికీ మధ్య ఇప్పటికీ కనిపిస్తుందే, ఆ కాలువే. క్లౌ గారు కుర్రతనంలో సర్వే పని చేసిన మనిషి. ఆయన ఆ కాలువలో కొన్ని మైళ్ల పనిని కాంట్రాక్టుకు తీసుకున్నారు. ఆకలితో ఉన్నవాళ్లను పనిలోకి పిలిచారు. తన దగ్గరి బోధకుల్నే వాళ్ల మీద మేస్త్రీలుగా పెట్టారు. వచ్చినవాళ్లు తట్ట మోశారు, పలుగు పట్టారు, సాయంత్రానికి కూలి తీసుకున్నారు. దానం తీసుకున్న చెయ్యి వేరు. కూలి తీసుకున్న చెయ్యి వేరు. ఆ తేడా పల్లెటూరి మనిషికి నేను చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంగతి చరిత్ర పుస్తకాల్లో ఉంది. ఒకప్పుడు మూసేద్దామనుకున్న మిషన్ అది. ఆ రోజు నీళ్లలోకి దిగి బాప్తిస్మం ఇచ్చింది మన తెలుగు బోధకులే. ఆ రోజు కూడా పని పంచుకున్నారు.

మనకు దగ్గర్లోనే రామాయపట్నం ఉంది. ఇప్పుడు ఓడరేవు పేరుతో రోజూ వార్తల్లో వింటున్నారు. అక్కడ సముద్రం పక్కన 1870ల్లోనే బాప్టిస్టులు వేదాంత పాఠశాల పెట్టారు. పల్లెటూరి కుర్రవాళ్లు అక్కడ చదివి బోధకులయ్యారు. వచ్చిన దొరలు ఏదో ఒకనాడు వెళ్లిపోతారు. పని మాత్రం ఇక్కడివాళ్ల చేతుల్లో నడవాలి. ఆ ఆలోచనతో పెట్టిన బడి అది.

ఆ ఆలోచన ఎంత దూరం పోయిందో ఇప్పుడు చెబుతాను. ఇప్పటిదాకా మన దేశానికి వచ్చిన మిషనరీల గురించి విన్నారు. మన దేశం నుంచి వెళ్లిన తెలుగు మిషనరీ గురించి వినండి.

1860 నవంబరులో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి కూలీలను తీసుకుని దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. తర్వాత యాభై ఏళ్ల పాటు ఓడల మీద ఓడలు వెళ్లాయి. చెరకు తోటలకు, తేయాకు తోటలకు, గనులకు మనుషులను తీసుకెళ్లాయి. వాళ్లలో తెలుగువాళ్లు వేలమంది. అందులో బాప్టిస్టులూ ఉన్నారు. మాకు తెలుగులో వాక్యం చెప్పే మనిషిని పంపండి అని అక్కడి నుంచి కబురు చేశారు. తెలుగు సంఘాలవాళ్లు ఆలోచించారు. అమెరికా డబ్బు కోసం చూడలేదు. తమ కానుకలతోనే నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారిని పంపారు. ఆయన 1903 జూన్‌లో డర్బన్‌లో దిగారు.

ఆయనకు అక్కడ మొదటి క్రిస్మస్ ఎలా వచ్చి ఉంటుంది? మనకు డిసెంబరు అంటే చలి. అక్కడ డిసెంబరు అంటే నడివేసవి. మంచు పొద్దులు లేవు. నెల్లూరు వీధులు లేవు. కియర్స్‌నీ అనే చోట తేయాకు తోట. ఆ తోటలో ఒప్పందం మీద పనిచేసే తెలుగు కూలీలు. క్రిస్మస్ వెళ్లిన రెండో రోజు, 1903 డిసెంబరు 27, ఆదివారం. ఆ రోజున కియర్స్‌నీలో తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. దక్షిణాఫ్రికాలో భారతీయ బాప్టిస్టుల మొదటి సంఘం అది.

ఇంటిని తలుచుకుని కుమిలిపోవాల్సిన పండగ రోజుల్లో ఆయన ఒక సంఘాన్ని నిలబెట్టారు. ఆ కూలీలు ఆయన్ను అతిథిగా చూసి, అన్నం పెట్టి, సాగనంపలేదు. మాకు కాపరివై ఉండు అన్నారు. పని అప్పజెప్పారు. రంగయ్య గారు తర్వాత ఊరూరా సంఘాలు కట్టుకుంటూ పోయారు. 1915లో చనిపోయేదాకా ఆ పనిలోనే ఉన్నారు. క్లౌ గారు కూడా ముసలితనంలో కాలు విరిగి నడవలేని స్థితిలోనూ చాలాకాలం ఒంగోలును వదల్లేదు. 1910లో అమెరికాలోని రాచెస్టర్‌లో కన్నుమూశారు.

ఇన్ని సంగతులు చెప్పింది ఎందుకో మీకు అర్థమై ఉంటుంది. ఒంగోలు కొండ మీద గానీ, బకింగ్‌హాం కాలువ గట్టు మీద గానీ, కియర్స్‌నీ తోటలో గానీ కనిపించేది ఒక్కటే. దూరాన ఉన్నా, ఆపదలో ఉన్నా మనిషి నిలబడింది తనకొక వంతు దొరికినప్పుడే.

మన మిరప రైతులకు ఈ సంగతి చేతుల్లో ఉన్న విద్య. నారుమడిలో నుంచి మొక్క పీకి చేలో నాటతాం. రెండు మూడు రోజులు అది తల వేలాడేస్తుంది. నీళ్లు పోస్తే చాలదు. మొదలు దగ్గర మట్టి వేళ్లతో అదమాలి. అప్పుడే వేరు పట్టుకుంటుంది, మొక్క తల ఎత్తుతుంది. పెద్ద వయసులో ఊరు మారిన మనిషీ అంతే. మన పలకరింపు నీళ్లు. మనం ఇచ్చే పని ఆ మట్టి అదమడం.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. ఈ ప్రాంతంలో ఎన్నో ఇళ్ల నుంచి పిల్లలు దేశం దాటారు. అమెరికాలో ఉన్నారు, కువైట్‌లో ఉన్నారు, ఆస్ట్రేలియాలో ఉన్నారు. వాళ్ల దగ్గరికి తల్లిదండ్రులు వెళతారు. రిటైరైన పాస్టరు దంపతులు కూడా వెళతారు. ముప్పై ఏళ్లు ఊరూరా తిరిగి, క్రిస్మస్ అంటే నిద్ర లేకుండా పనిచేసిన మనుషులు వాళ్లు. ఇరవై నాలుగో తేదీ రాత్రి ఆరాధన, ఇరవై అయిదు పొద్దున ఆరాధన, ముప్పై ఒకటి రాత్రి వాచ్‌నైట్, ఒకటో తేదీ వాగ్దాన కార్డులు. అన్నీ వాళ్ల చేతుల మీదుగా నడిచాయి. అలాంటి మనుషులు అక్కడ కిటికీ పక్కన సోఫాలో కూర్చుంటారు. బయట మంచు. కొడుకూ కోడలూ ఆఫీసుకు వెళ్లారు. మనవలు ఇంగ్లీషులో మాట్లాడతారు. అందరూ ప్రేమగానే ఉంటారు. నాన్నగారూ, మీరేం కష్టపడొద్దు, రెస్టు తీసుకోండి అంటారు. ఆ రెస్టే ఆయన్ను తినేస్తుంది.

నాకు తెలిసిన ఒక పెద్దావిడ సంగతి చెబుతాను. ఆమెది మన కందుకూరు వైపు ఊరు. భర్త టీచరుగా చేసి రిటైరయ్యారు. ఇద్దరూ కూతురి దగ్గరికి అమెరికా వెళ్లారు. డిసెంబరు మొదట్లో ఆమె ఫోన్లో మాట్లాడితే గొంతులో జీవం లేదు. ఇక్కడేముందమ్మా, తెల్లారడం, పొద్దుగూకడం అంది. అక్కడ తెలుగువాళ్లు కొందరు ఆదివారం ఒకచోట కూడి ఆరాధన చేసుకుంటారు. ఆ ఆడపిల్లలు ఒకరోజు ఆమె దగ్గరికి వచ్చారు. అమ్మగారూ, ఈసారి క్రిస్మస్‌కు అరిసెలు మీరే చేయించాలి, మాకు రావు అన్నారు.

ఆ తర్వాత ఆమె మాట్లాడిన తీరు మీరు వినాల్సింది. ఆ పిల్లలు దుకాణంలో పొట్లం పిండి కొనుక్కొచ్చారట. దాంతో చేస్తే అరిసె నూనెలో విచ్చిపోయింది. ఆమె ఆ పిండి పక్కన పెట్టించింది. బియ్యం నానబోయించింది. రోజుకోసారి నీళ్లు మార్పించింది. వడకట్టి, గుడ్డ మీద ఆరేయించి, తడి పూర్తిగా ఆరకముందే మిక్సీలో ఆడించింది. ఆడించిన పిండిని జల్లించి, చేత్తో అదిమి, తడి ఆరకుండా మూతపెట్టించింది. బెల్లం పాకం పొయ్యి మీద ఉండగా గిన్నెలో చన్నీళ్లు పెట్టుకుని కూర్చుంది. పాకం చుక్క నీళ్లలో వేసింది. వేలితో దగ్గరికి తీసింది. ఉండ కట్టింది. ఇప్పుడు పోయండమ్మా పిండి అంది. ఆ వంటింట్లో ఆ పూట ఆమెదే రాజ్యం. చుట్టూ నిలబడ్డ పిల్లలు ఆమె ఏమంటే అది చేశారు. మర్నాడు ఫోన్లో ఆమె పాకం గురించే అరగంట మాట్లాడింది. బెంగ ఊసే లేదు.

చూశారా? ఆ ఆడపిల్లలు ఆమెకు బహుమతులు ఏమీ ఇవ్వలేదు. ఒక పని ఇచ్చారు. పిలిచారు, పని చెప్పారు.

మరి మనం ఇక్కడ సింగరాయకొండలో కూర్చుని ఏం చేయగలం? చాలా చేయగలం.

మీ సంఘంలోని పెద్దాయన ఒకరు ఈ పండగకు అమెరికాలో ఉన్నారనుకోండి. మన దగ్గర ఇరవై నాలుగో తేదీ రాత్రి పదకొండు గంటలకు ఆరాధన జరుగుతుంటే, అమెరికా తూర్పు తీరంలో అదే రోజు మధ్యాహ్నం పన్నెండున్నర. ఆయన మెలకువగానే ఉంటారు. ముందే ఫోన్ చేయండి. అయ్యగారూ, ఈసారి వాక్యపఠనం మీరే చేయాలి అని అడగండి. ఫోన్‌ను స్పీకరుకు కలపండి. ఆయన గొంతు గుడిలో వినబడుతుంది. వారం ముందు నుంచే ఆయన ఆ అధ్యాయం చదువుకుంటూ ఉంటారు. కళ్లజోడు తుడుచుకుంటూ ఉంటారు. ఆ వారమంతా ఆయనకు పండగే. కువైట్‌లో ఉన్నవాళ్లకైతే మనకన్నా రెండున్నర గంటలే వెనక. వాళ్లకు కలపడం ఇంకా తేలిక.

ఇంకో సంగతి. దూరాన్నుంచి మన ఊరికి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఆసుపత్రుల్లో, బడుల్లో కేరళ నుంచి వచ్చిన పెద్ద వయసు సిస్టర్లు కనిపిస్తారు. వేరే భాష మాట్లాడే పాస్టర్లు ఉంటారు. వాళ్లకూ క్రిస్మస్ అంటే సొంత ఊరు గుర్తొస్తుంది. వాళ్ల ఇంటికి కేకు ముక్క పంపిస్తాం. సంతోషం. ఈసారి దాంతో పాటు ఒక మాట అడగండి. సిస్టరుగారూ, మీ ఊరి పాట ఒకటి మా పిల్లలకు నేర్పండి అనండి. మలయాళం పాట మన పిల్లల నోట విన్నప్పుడు ఆమె ముఖం చూడండి.

మీరు క్రైస్తవులు కాకపోయినా ఈ మాట మీకూ వర్తిస్తుంది. సంక్రాంతికి ముగ్గు గీత ఎలా తిప్పాలో ఊరు మారి వచ్చిన పక్కింటి నాయనమ్మను అడగండి. రంజాన్‌కు సేమ్యా పాలు ఎంత మరగాలో ఒంటరిగా ఉన్న ముసలాయన్ను అడగండి. ఏ పండగైనా అంతే. పెద్దవాళ్లకు ఒక వంతు ఇవ్వండి.

అయితే కొన్ని జాగ్రత్తలున్నాయి. పని చెప్పమన్నాను కదా అని బరువు మోయించకూడదు. వాళ్ల ఆరోగ్యం చూసి చెప్పాలి. మోకాళ్ల నొప్పులున్న మనిషిని రాత్రి క్యారల్స్‌కు తిప్పకూడదు. ఆమెకు పాటల వరుస రాసిచ్చే పని ఇవ్వాలి. వాళ్లకు ఇష్టమైన పని ఏదో ముందు అడగాలి. అది నిజమైన పని కావాలి. వాళ్లు చేయకపోతే ఆ పని ఆగిపోతుంది అన్నట్టు ఉండాలి. అప్పుడే దానికి విలువ.

మనం తరచూ చేసే పొరపాటు ఒకటుంది. పెద్దవాళ్లను వేదిక మీద కూర్చోబెడతాం. శాలువా కప్పుతాం. పూలదండ వేస్తాం. మూడు గంటలు కదలకుండా కూర్చోబెట్టి, ఒక్క మాట మాట్లాడనివ్వకుండా పంపిస్తాం. దాన్ని గౌరవం అనుకుంటాం. శాలువా కప్పండి, తప్పు లేదు. కానీ మైకు కూడా వాళ్ల చేతికివ్వండి. ఐదు నిమిషాలు చాలు. యాభై ఏళ్ల కిందట మన ఊళ్లో క్రిస్మస్ ఎలా జరిగిందో చెప్పమనండి. పిల్లలను ముందు వరసలో కూర్చోబెట్టండి.

ఇప్పుడు ఒక మాట పెద్దవాళ్లతో. ఈ ప్రసంగం మీ పిల్లలు ఫోన్లో పంపిస్తే దూరదేశంలో వింటున్నవాళ్లు ఉండవచ్చు. అమ్మా, అయ్యా, ఎవరో వచ్చి పని చెప్పేదాకా ఆగకండి. మీరే అడగండి. జ్యూయెట్ గారు ఎవరూ పంపకపోయినా నేను వెళతానన్నారు. మళ్లీ ఓడ ఎక్కేనాటికి ఆయన వయసు యాభై దాటింది. మీ మనవరాలికి మీ చిన్ననాటి క్రిస్మస్ పాట రోజుకో చరణం నేర్పండి. పక్కింట్లో ఇంకో తెలుగు తల్లి ఒంటరిగా ఉంటే వెళ్లి తలుపు తట్టండి. మీరు చేయగలిగింది మీకు తెలుసు. దాన్ని దాచుకోకండి.

పిల్లలతో కూడా ఒక మాట. నాన్నా, నువ్వు రెస్టు తీసుకో అనడం ప్రేమే. కానీ నాన్నా, నువ్వు లేకపోతే ఈ పండగ మాకు జరగదు అనడం అంతకన్నా పెద్ద ప్రేమ. ఆ మాట ఉత్తినే అంటే సరిపోదు. అది నిజమయ్యేలా ఒక పని ఆయన చేతిలో పెట్టాలి.

పండగకు ఇంకా రోజులున్నాయి. ఈ పూటే మీకు తెలిసినవాళ్లలో ఇంటికి దూరంగా ఉన్న పెద్దవారు ఒకరిని గుర్తుచేసుకోండి. ఒక్కరు చాలు. వాళ్లకు ఫోన్ చేయండి, లేదా వాళ్ల ఇంటికి వెళ్లండి. పిలవండి, పని చెప్పండి. ఈ క్రిస్మస్‌లో వాళ్ల వంతు వాళ్లకు ఇవ్వండి.

మీ అందరికీ క్రిస్మస్, నూతన సంవత్సర శుభాకాంక్షలు. సెలవు.